ఏడో బండ దగ్గర ఆగిన కథ

ఆత్మకూరులో ఏటా జరిగే సాహిత్య ఉత్సవానికి వెళ్లొచ్చినవాళ్లు నెల్లూరులో ఒకటే మాట చెబుతున్నారు. కథలు చెప్పే కొండమ్మ వేదిక మీద కథ మధ్యలో మరిచిపోయిందట. పాపం, వయసు మీదపడింది, మైకు చూసి బెదిరింది, ఇంకా నయం, శాలువా కప్పి మర్యాదగా దించారు అంటున్నారు. మా స్టాఫ్ రూములోనూ ఇదే చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో ఇద్దరు అసలు వెళ్లనేలేదు. నేను వెళ్లాను. మూడో వరుసలో, మైకుకి ఎదురుగా కూర్చున్నాను. కొండమ్మ ఏమీ మరిచిపోలేదు. ఏం జరిగిందో బస్సెక్కిన దగ్గర్నించి వరసగా చెబుతాను. వచ్చే ఏడు వెళ్లాలనుకునేవాళ్లకి బస్సులూ భోజనాల సంగతీ కూడా తెలుస్తాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం. పొద్దున ఆరుంపావుకి నెల్లూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కాను. ఆత్మకూరుకి టికెట్ పద్నాలుగు రూపాయలు. ఎడమవైపు కిటికీ దొరికితే వదలకండి, సంగం దగ్గర ఆనకట్టా, పెన్నలో నీళ్లూ కనిపిస్తాయి. బుచ్చిరెడ్డిపాళెంలో కోత కూలీలు పదిమంది కొడవళ్లు చీరముక్కల్లో చుట్టుకుని ఎక్కారు. ఒకామె నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతావుండావు మా?"

"ఆత్మకూరు. సాహిత్య ఉత్సవం."

"అంటే ఏంది?"

"కవులు, కథలు చెప్పేవాళ్లు వచ్చి రెండు రోజులు మాట్లాడతారు. మిగతావాళ్లు కూర్చుని వింటారు."

"మాట్లాడేదానికి తిరనాళ్లా! అట్టయితే మా ఆయన్ని తోలకపో తల్లీ, రెండు దినాలు నా కొంప నెమ్మదిగా ఉంటాది."

బస్సంతా నవ్వింది. ఆమె సంగంలో దిగిపోయింది. రెండు రోజుల్లో ఉత్సవం గురించి నేను విన్న వ్యాఖ్యానాల్లో అది ఉత్తమమైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఎనిమిదింటికి ఆత్మకూరు. బస్టాండు నుంచి ఉత్సవం జరిగే హైస్కూలుకి నడిచి పది నిమిషాలు. రిక్షా ఎక్కనక్కర్లేదు. గేటు దగ్గర పేరు రాయించుకుంటే ఒక బ్యాడ్జీ, ఒక పెన్ను, రెండు పూటల భోజనం చీట్లు ఇస్తారు. ఉప్మా చల్లారిపోయింది గాని చట్నీ బాగుంది. ఆడవాళ్ల బస తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో. బెంచీలు గోడకి జరిపి, కింద జంపఖానాలు పరిచారు. దుప్పటి మీరే తీసుకెళ్లండి. తాళం కూడా తీసుకెళ్లండి, గది గడియకి రంధ్రం ఉంది గాని తాళం లేదు.

ఆ గదిలోనే కొండమ్మ, మార్తమ్మ దిగారు. కొండమ్మకి అరవై దాటాయి. దుత్తలూరు అవతల పల్లె, గొర్రెలు కాస్తుంది. కథలు ఆమెకి అవ్వ దగ్గర్నించి వచ్చాయి. మార్తమ్మది అదే ఊరు, బాప్టిస్టు సంఘం మనిషి. చిన్నప్పటినుంచి ఇద్దరూ కలిసి కలుపులు తీశారు, గొర్రెల వెంట తిరిగారు. కొండమ్మ కథ చెబితే మార్తమ్మ ఊ కొడుతుంది. అదే ఆమె పని.

"నా పెండ్లి కాకముందు నించీ కొడతావుండా," అంది మార్తమ్మ. "ఆదివారం పొద్దున మాత్తరం కొట్టను. గుడికి పోయి ఆమేన్ చెప్పాల గదా."

"రెండూ ఒకటేలే పో మే," అంది కొండమ్మ. "ఆడ అయ్యగోరికి, ఈడ నాకి."

పది గంటల సభ పదకొండుకి మొదలైంది. మొదటి వక్తకి పదిహేను నిమిషాలిచ్చారు. ఆయన యాభై నిమిషాలు తీసుకున్నాడు. విషయం 'క్లుప్తత'. నలభై నిమిషాల దాకా ఓర్చుకున్నాను. తర్వాత లేచి, "అయ్యా, మీ తర్వాత మాట్లాడాల్సినవాళ్లు నలుగురున్నారు, వాళ్లకి క్లుప్తత మీరే నేర్పిస్తున్నారా?" అని అడిగాను. వెనకనుంచి చప్పట్లు, ముందు వరుస నుంచి చూపులు. ఉత్సవ కార్యదర్శి రాఘవయ్య గారు, రిటైరైన హెడ్మాస్టరు, చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చారు.

"అమ్మా, మీకో దండం. సాయంత్రం కొండమ్మ కథ రికార్డు చేస్తున్నాం. మా పిల్లల్ని పీడించి, వాళ్లనీ వీళ్లనీ అడిగి మంచి టేప్‌రికార్డరు తెప్పించాను. ఆ కథ ఆమెతోనే పోతుంది, మళ్లీ దొరకదు. అప్పుడు మాత్రం మీరు నోరు విప్పనని మాటివ్వండి."

ఇచ్చాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ జిల్లాలో ఒక ముసలి గొర్రెల కాపరి కథని కాపాడాలని ఎవరైనా నిద్ర మానుకున్నారంటే, అది ఆయనే.

ఒంటి గంటకి భోజనం. పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. అరిటాకుల్లో వడ్డించారు. తొందరగా వెళ్లండి, రెండో పంక్తికి వంకాయ అయిపోయింది. గదికొచ్చి వక్కాకు వేసుకుంటూ కొండమ్మ ఒక చిన్న కథ చెప్పింది, మేము నలుగురం ఆడవాళ్లం అడిగితే. అప్పుడు చూశాను మార్తమ్మ పనితనం. ఊ అంటే ఒకటే కాదు. మామూలు మాటకి పొట్టి ఊ. భయం వచ్చేచోట దీర్ఘం. అనుమానం వస్తే పైకి లేచే ఊ. దుఃఖం దగ్గర గొంతులోనే మింగేసినట్టుండే ఊ. ఆ ఊ పడ్డాకే కొండమ్మ తర్వాతి వాక్యానికి అడుగేసేది. మార్తమ్మ ఒకచోట వక్కాకు ఉమ్మడానికి కిటికీ దగ్గరికి వెళితే, ఆమె తిరిగొచ్చేదాకా కథలో రాజు చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే నిలబడి ఉన్నాడు. మేము పడీపడీ నవ్వాం. కాబట్టి తర్వాత జరిగినదానికి తెలియలేదనే సాకు నాకు లేదు.

నాలుగింటికి కొండమ్మని పిలిచారు. మార్తమ్మ కూడా లేచి వెంట వెళ్లింది. వేదిక మెట్ల దగ్గర కళ్లద్దాలు పెట్టుకున్న లెక్చరరు ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, "కళాకారులు మాత్రమే పెద్దమ్మా, నువ్వు సంచులు చూసుకుంటూ అక్కడ కూర్చో," అని గేటు దగ్గరి కుర్చీ చూపించాడు. ఆమె ఒకసారి కొండమ్మ వైపు చూసి వెళ్లి కూర్చుంది. రాఘవయ్య గారు మైకులో చెప్పారు: ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కుర్చీలు జరపకూడదు. ఫ్యాన్లు కూడా ఆపించారు. రెండొందల మందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. టేప్‌రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగింది.

కొండమ్మ మొదలుపెట్టింది. ఒక కోడలు కాస్తున్న మందలో నల్ల గొర్రె తప్పిపోయింది. గొర్రె లేకుండా గడప తొక్కొద్దని అత్త చెప్పింది. ఇక్కడ కొండమ్మ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె మా ముఖాలు చూసి, తనే మళ్లీ సాగించింది. కోడలు కొండెక్కింది. దారికి అడ్డంగా ఏడు బండలు. ఒకటో బండ మట్టెలడిగింది, ఇచ్చింది. ఆగింది. నిశ్శబ్దం. రెండో బండ గాజులడిగింది. బండబండకీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. ఎదుటి మనిషి పలకని టెలిఫోన్‌లో మాట్లాడేవాళ్ల గొంతు అలాగే తగ్గుతుంది. ఆరో బండ దాటేసరికి కోడలి ఒంటిమీద చీర తప్ప ఏమీ మిగల్లేదు. ఏడో బండ సొమ్ములడగలేదు.

"నీ వెనకాల ఎవురన్నా ఉండారా అని అడిగింది బండ. ఉంటే పలకమను, దారిస్తా. ఎవురూ లేకపోతే నువ్వుగూడా నా మాదిర ఈడనే బండవైపో అన్నాది."

కొండమ్మ ఆగింది. ఈసారి పూర్తిగా ఆగింది. ముందు వరుస వైపు చూసింది, తర్వాత రెండో వరుస, తర్వాత నా వైపు. ఊ నా గొంతుదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. నేను పెదవులు బిగించుకున్నాను.

రాఘవయ్య గారు కుర్చీలోంచి ముందుకి వంగి, "తర్వాత? తర్వాత ఏమైందమ్మా?" అని గుసగుసలాడారు. కొండమ్మ తల అడ్డంగా ఊపింది. వెనకెవరో "పాపం" అన్నారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, తర్వాత ఒక యువకవిని పిలిచారు. మరిచిపోయిందన్న మాట పుట్టింది అప్పుడే, ఆ చప్పట్లలోనే.

గదికొచ్చేసరికి కొండమ్మ శాలువా మడిచి బెంచీ మీద పెట్టి గోడకి ఆనుకుని కూర్చుంది. అన్నం వద్దంది.

"ఎందుకు ఆపేశావు కొండమ్మా?" అన్నాను.

"నేనా ఆపింది? ఆడ ఎవురన్నా పలికితే గదా ఆ పిల్ల ముందరికి పొయ్యేది! ఎవురూ పలకలా. పలక్కుండానే బండ దారిచ్చిందని అబద్దం చెప్పమంటావా ఏంది?"

"మార్తమ్మా, నువ్వన్నా అక్కణ్నుంచి..."

"కొట్టినా!" అంది మార్తమ్మ. "గేటు కాడ నించే కొట్టినా. రెండోతూరి కొట్టేసరికి ఆ కళ్లద్దాలాయన ఉరికొచ్చి నోటి మీద ఏలు పెట్టుకున్యాడు. రికార్డు చెడిపోతాదంట. ఊ లేకపోతే చెడిపోయేది ఏందో ఆయనకి తెలిస్తే గదా."

మధ్యలో వదిలిన కథతో ఇంటికి వెళ్లకూడదని వాళ్ల పద్ధతి. సగంలో ఆపితే ఊరు చేరేలోపల ఎక్కడైనా ముగించాలి. లేకపోతే ఆ కథ ఇంకెప్పుడూ నోట పట్టకూడదు. కొండమ్మ అవ్వ అలా ఒక కథ పోగొట్టుకుందట, ఎవరో చనిపోయారని కబురొచ్చి మధ్యలో లేచి వెళితే.

"రేపు ఉదయగిరిలో గూడా సబ ఉండాదంట గదా," అంది కొండమ్మ. "ఆడ దించుకుంటా పిల్లని. కొండ మింద వదిలిపెట్టి నేను ఇంటికి పోను."

ఆదివారం ఉదయం ఏడున్నరకి ఉత్సవంవాళ్లు ఏర్పాటు చేసిన బస్సు. రెండో రోజు సభ ఏటా ఉదయగిరిలో, కోటకొండ కింద స్కూల్లో జరుపుతారు. దారిలో దుత్తలూరులో టీకి ఆపారు. మెట్ట చేలు, రాళ్లు, అక్కడక్కడా గొర్రెల మందలు. కాలవ నీళ్ల పచ్చదనం సంగంతోనే అయిపోయింది. కార్యక్రమం కాగితం చేతికిచ్చారు. కొండమ్మ పేరు మీద గీత కొట్టేసి ఉంది.

నేను లేచి వెళ్లి రాఘవయ్య గారి పక్కన కూర్చున్నాను.

"ఇదేంటండీ?"

"ఆమె మంచికేనమ్మా. ఉదయగిరిలో ఆమె చుట్టాలు, ఎరిగినవాళ్లు ఉంటారు. వాళ్ల ముందు కూడా మరిచిపోతే ఆమె మనసు ఏమవుతుంది?"

"ఆమె మరిచిపోలేదు. మనం ఆపాం."

"మనమా? మనం కిక్కురుమనలేదు కదా!"

"అదే చెబుతున్నాను."

అంతా వివరించాను. ఆయన విన్నారు. తర్వాత, "అలా అయితే రికార్డింగులో వేరే గొంతు పడుతుందే," అన్నారు. అక్కడికీ నేను గట్టిగానే అన్నాను: ఈ జిల్లా ఆడవాళ్లు మొన్నమొన్ననే సారా అంగళ్ల ముందు నిలబడి అరిచారు, వాళ్ల గొంతు మీ క్యాసెట్టుకి అంత బరువా అని. బస్సులో అందరూ మా వైపు తిరిగారు. కానీ కాగితం మీద గీత గీతలాగే ఉంది.

తొమ్మిదిన్నరకి ఉదయగిరి. కొండ ఊరి మీదికి వంగినట్టుంటుంది. పైన కోటగోడలు కనిపిస్తాయి. ఎక్కాలనుకుంటే ఆరింటికే మొదలుపెట్టండి, నీళ్లు మోసుకెళ్లండి. నేను ఎక్కలేదు. బజార్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు, ఆకు అంచంత పల్చగా చెక్కుతారు. రెండు కొన్నాను. మార్తమ్మ బస్సు దిగుతూనే గుడికి బయల్దేరింది. "పన్నెండుకంతా వచ్చేస్తా, నువ్వు మొదులుపెట్టమాక," అని కొండమ్మకి చెప్పి వెళ్లింది.

హాల్లో పదకొండుకి ఉపన్యాసం మొదలైంది. మౌఖిక సాహిత్యం అంతరించిపోతున్నదని ఒక ప్రొఫెసరు బాధపడుతున్నాడు. టేప్‌రికార్డరు ఆయన ముందుంది. కొండమ్మ బయట వంటవాళ్ల పందిరి కింద, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని ఉంది. నేను వెళ్లి, పేరు కొట్టేశారని చెప్పాను. ఆమె కూరగాయలు తరిగే ఆడవాళ్ల వైపు చూసింది, కొండ వైపు చూసింది.

"అన్నాలు తిన్యాక బస్సెక్కాల గదా?"

"రెండున్నరకి."

"అట్టయితే ఇంక ఎప్పుడు? కూర్చో. నువ్వు ఊ కొట్టు."

"నేనా? మార్తమ్మ వస్తుంది కదా, పన్నెండుకి..."

"గుడిలో అయ్యగోరు ఎప్పుడిడస్తాడో ఎవురికి తెలుసు? నువ్వే కొట్టు. నిన్న నువ్వు ఆడనే ఉండావు గదా. చూసినా నిన్ను."

మారు మాట్లాడకుండా కూర్చున్నాను. నా జీవితంలో ఇలాంటి సందర్భాలు తక్కువ.

మళ్లీ మొదటినుంచి చెప్పింది. నల్ల గొర్రె తప్పిపోయింది. "ఊ," అన్నాను. అత్త గడప తొక్కొద్దంది. "ఊ." కోడలు కొండెక్కింది. "ఊ."

కొండమ్మ ఆగింది. "ఏంది టీచరమ్మా, నువ్వు ఊ కొడతావుండావా, పిలకాయల మాదిర హాజరు పలకతావుండావా?"

కూరగాయల ఆడవాళ్లు కత్తిపీటలు వదిలి నవ్వారు. ఒకామె, "కొంచిం ఏడుపు కలుపు మా, గొర్రె పోయిండాది గదా," అని సలహా ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పే గొంతు, ఆదేశించడానికి అలవాటుపడిన గొంతు. వినే గొంతు ఎలా ఉండాలో దానికి తెలియదు. నాలుగో బండ దగ్గరికి ఏదో కుదిరింది. వాక్యం చివర ఆమె గొంతు ఎక్కడ దిగుతుందో పట్టుకుంటే, అక్కడే మన గొంతు ఎత్తుకోవాలి. అంతే. కానీ ఆ అంతే అన్నదే చాలా కష్టం.

ఈలోగా వంటవాళ్లు వచ్చి కూర్చున్నారు. బస్సు డ్రైవరు వచ్చాడు. గరిటెలమ్మే ముసలాయన బుట్ట దించి నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లు, కొండమ్మ చుట్టాలు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. హాల్లోంచి ఒకరొకరే బయటికి వస్తూ, చెప్పులు చేతబట్టుకుని వెనక నిలబడుతున్నారు. లోపల ప్రొఫెసరు గొంతు వినబడుతూనే ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గాని ఐదో బండ దగ్గర నాతోపాటు మరో ఇద్దరు ఊ అన్నారు. ఆరో బండకి పదిమంది.

"నీ వెనకాల ఎవురన్నా ఉండారా అని అడిగింది బండ."

ఆమె ఆగింది. పందిరి కిందనున్న జనమంతా ఒక్కసారే ఊ అన్నారు. అన్నిటికంటే పెద్ద ఊ గేటు దగ్గర్నించి వచ్చింది. మార్తమ్మ, తెల్లచీరలో, చంకలో బైబిలు పెట్టుకుని, పరుగులాంటి నడకతో వస్తూ. నా వెనక ఇంకొక మగ గొంతు వినిపించి తిరిగి చూశాను. రాఘవయ్య గారు. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని ఉన్నారు.

బండ జరిగింది. దాని వెనక నల్ల గొర్రె, దాని పక్కన అప్పుడే పుట్టిన పిల్ల. కోడలు రెండింటినీ తోలుకుని కొండ దిగింది. అత్తగారింటి గుంజకి గొర్రెని కట్టేసింది. గడప మాత్రం తొక్కలేదు. గొర్రెపిల్లని ఎత్తుకుని తన దారిన తాను పోయింది. కథ కంచికి పోయిందని కొండమ్మ చెప్పలేదు. "దిగినాది," అని చెప్పి నీళ్లడిగింది.

రాఘవయ్య గారు దగ్గరికొచ్చి చేతులు నలుపుకున్నారు. "అమ్మా, ఇదంతా రికార్డు కాలేదు. మిషన్ లోపల ఉండిపోయింది. భోజనాలయ్యాక ఇంకొక్కసారి చెబుతావా? ఈసారి మార్తమ్మని పక్కనే కూర్చోబెడతాను. నీ పక్కనే."

"దిగిన పిల్లని మల్లా ఎక్కించమంటావా నాయనా? కాళ్లు నొప్పులు పుట్టి ఉంటాయి. వచ్చే ఏడు చూద్దాంలే."

ఆయన జేబులోంచి కార్యక్రమం కాగితం తీసి చూశారు. వచ్చే ఏడు మొదటి పేరు ఆమెదేనని చెప్పారు. ఇద్దరి పేర్లూ అని నేను సరిచేశాను. సరేనన్నారు. దీనికి సాక్షులున్నారు, మీలో వెళ్లేవాళ్లు కాగితం చూసి నాకు ఉత్తరం రాయండి.

రెండున్నరకి నెల్లూరు బస్సు, టికెట్ ఇరవై నాలుగు రూపాయలు. వాళ్లిద్దరూ నా వెనక సీట్లో కూర్చుని, నా ఊ ఎలా ఉందో ఒకరికొకరు అనుకరించి చూపించుకున్నారు. దుత్తలూరులో దిగేటప్పుడు కొండమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"నీ గొంతు మంచిదే. నిన్ననే తెరిసి ఉంటే ఆ పిల్ల ఒక రాత్తిరంతా కొండ మింద ఉండేది గాదు."

నిష్ఠూరంగా అనలేదు. చలి వేసి ఉంటుంది పాపం అన్నట్టుగా అంది.

మొత్తం మీద ఉత్సవం బాగుంటుంది, వెళ్లండి. పుస్తకాలు తగ్గింపు ధరకి దొరుకుతాయి, మనుషులు మంచివాళ్లు, వక్తలు పొడుగు. కొండమ్మ మరిచిపోయిందని ఎవరైనా అంటే మాత్రం ఇది చదివి వినిపించండి.

సంగం దాటాక పొద్దు వాలుతుంటే, అప్పటిదాకా రాఘవయ్య గారి మీదా, కళ్లద్దాల లెక్చరరు మీదా కూడబెట్టుకున్న వాదనలన్నీ ఒక్కొక్కటే నా చేతుల్లోంచి జారిపోయాయి. మార్తమ్మకి నోటిమీద వేలు చూపించినవాడు ఒకడున్నాడు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. మాటిచ్చానందామా, నేను నోరు మూసుకుంటానని ఇచ్చిన మాటలు ఎన్ని నిలబెట్టుకున్నానో మా ఇంట్లో అడగండి. యాభై నిమిషాల వక్తని నిలబెట్టి అడగడానికి సిగ్గుపడని మనిషిని. పెద్ద పెద్ద మాటలు ఎంతమంది ముందైనా అనగలను. మరి ఒక ముసలామె నా కళ్లలోకి చూసి అడిగినప్పుడు, గొంతుదాకా వచ్చిన ఆ చిన్న ఊ, పల్లెటూరి ఆడవాళ్లు కలుపు తీస్తూ అనే ఊ, ఎందుకు బయటికి రాలేదు? నా పక్కన ఎవరు కూర్చున్నారని సిగ్గుపడ్డాను?